గీటురాయి మీద ఒక సైకిల్

బెంగళూరు బస్సు తెల్లారుజామున ప్రొద్దుటూరు చేరింది. క్లీనర్ డిక్కీ తెరిచి నా బ్యాగు కంటే ముందు ఒక దుప్పటి మూట దించాడు. అందులో ఉన్నది సైకిల్. చక్రాలు ఊడదీసి, పక్కన పెట్టి, తాళ్ళతో కట్టి తెచ్చాను. క్లీనర్ దాన్ని పైకెత్తి చూసి, "ఏందన్నా ఇది, రెండేళ్ళతో లేపితే లేస్తాంది!" అన్నాడు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చేసింది. రాదా మరి? 45 వేలు పెట్టి కొన్నాను.

ఇంట్లో మాత్రం 8 వేలని చెప్పాను.

మా నాయనకి మైదుకూరు రోడ్డులో అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. హీరో, అట్లాస్, హెర్క్యులిస్ కలిపి ఇరవై రెండు సైకిళ్ళు. ఇంటింటికీ మోపెడ్లు, బైకులు వచ్చాక గంటల లెక్కన సైకిల్ అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఇప్పుడు అదే రేకుల షెడ్డులో పంక్చర్లు వేస్తాడు, పాత సైకిళ్ళు ఓవరాయిలింగ్ చేస్తాడు. వాన పడితే రేకులు కారతాయి. కొత్త రేకులు వేయిస్తానని రెండేళ్ళుగా నేను మాటిస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ 45 వేలు రేకుల డబ్బే.

కొని, అసలు రకం పట్టుకుని, రెట్టింపు ధరకి అమ్మితే రేకులేం ఖర్మ, ఏకంగా శ్లాబే వేయించొచ్చు. ఇదీ నా లెక్క.

ఈ పిచ్చి ఫోన్‌లోనే మొదలైంది. ఒక రాత్రి 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు వీడియో చూశాను. మూడు వారాల పోటీ, 3 వేల కిలోమీటర్లకు పైగా తొక్కారు. ఆఖరి రోజు 24.5 కిలోమీటర్లు మిగిలున్నాయి. ఫ్రాన్స్ వాడు లోరాన్ ఫిన్యో 50 సెకన్లు ముందున్నాడు. అమెరికా వాడు గ్రెగ్ లెమాండ్ హ్యాండిల్‌కి ముందుకు పొడుచుకొచ్చే కొత్త రకం కడ్డీ బిగించుకుని, చేతులు దాని మీద ఆనించి, తోక ఉన్న హెల్మెట్ పెట్టుకుని వంగి తొక్కాడు. ఫిన్యో నెత్తిన ఏమీ లేదు, పిలక గాలికి ఎగురుతోంది. చివరికి లెమాండ్ 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. మూడు వారాల చెమట మీద గాలి 8 సెకన్ల తీర్పిచ్చింది!

అప్పట్నుంచి గాలిని చీల్చే పాత రేసింగ్ సైకిళ్ళ గురించి వెతకడం మొదలుపెట్టాను. గంటకి 30 కిలోమీటర్లు దాటితే తొక్కేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. గుండ్రటి గొట్టాన్ని దాటిన గాలి దాని వెనక సుడులు తిరిగి సైకిల్‌ని వెనక్కి లాగుతుంది. అదే గొట్టాన్ని నీటిబొట్టులా ముందు మొద్దుగా, వెనక సన్నగా చేస్తే గాలి పెద్దగా సుడి తిరగకుండా జారిపోతుంది. 1970ల చివర్లో ఫ్రాన్స్‌లో జితాన్ కంపెనీ ఇలాంటి గొట్టాలతో సైకిళ్ళు చేసింది. అప్పుడది రెనో కార్ల కంపెనీ చేతిలో ఉంది. ఐదుసార్లు టూర్ గెలిచిన బెర్నార్ ఇనో ఆ రోజుల్లో రెనో-జితాన్ జట్టులోనే తొక్కేవాడు. పాత సైకిళ్ళు సేకరించేవాళ్ళకి ఆ పేర్లు వింటే నిద్ర పట్టదు.

నాకు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, రాత్రి తొమ్మిదింటికి, ఫోన్ టార్చి వెలుగులో దొరికిన సైకిల్ మీద జితాన్ స్టిక్కర్ ఉంది. "1979 మోడల్ బ్రో. ఇనో జట్టు సైకిల్" అన్నాడు అమ్మినతను. బ్రేకు తీగలు హ్యాండిల్ టేపు కింద దాక్కుని ఉన్నాయి. సీటు కింది కడ్డీ బల్లపరుపుగా, కత్తిలా ఉంది. కానీ అసలు గొట్టాలు గుండ్రంగానే ఉన్నాయి. అదే అడిగితే, "జట్టు సైకిళ్ళన్నీ ఒకే రకం ఉండవు బ్రో" అన్నాడు. నమ్మాలని ముందే అనుకున్నవాడికి ఆ ఒక్క మాట చాలు.

కొనేవాడు కూడా అప్పటికే రెడీ. ఒక కలెక్టర్... అంటే జిల్లా కలెక్టర్ కాదు, సైకిళ్ళ కలెక్టర్. "జితాన్ అని ఖాయమైతే 90 వేలిస్తా" అని మెసేజ్ పెట్టాడు. అందుకే ఓవరాయిలింగ్ చేయించి, మంచి ఫొటోలు తీద్దామని ఊరికి తెచ్చాను.

నాయన సైకిల్‌ని స్టాండుకి వేలాడదీసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ మధ్య ఆయన కళ్ళకి మసక. వేళ్ళతోనే చూస్తాడు. హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద స్టిక్కర్ ఉన్నచోట బొటనవేలు పెట్టి అటూ ఇటూ రుద్దాడు.

"రే, ఈడ రెండు బొక్కలుండాయి చూడు."

"యాడ నాయనా?"

"స్టిక్కర్ కింద. పైనొకటి, కిందొకటి. మెత్తుడు పెట్టి పూడ్చి రంగేసినారు. ముందు ఈడ రేకు బిళ్ళ ఉండేది. పీకేసినారు."

నా గుండె జారింది. పాత సైకిళ్ళకి ముందు గొట్టం మీద కంపెనీ పేరున్న లోహపు బిళ్ళని చిన్న మేకులతో బిగించేవాళ్ళు. ఆ బొక్కల మీద ఇంకో కంపెనీ స్టిక్కర్ ఉందంటే, దీనికి తర్వాత ఎవరో కొత్త పేరు పెట్టినట్టే.

ఇది ఆయన ఏ వీడియోలోనూ చూసి నేర్చుకున్నది కాదు. అద్దె సైకిళ్ళు దొంగతనం పోయేవి. దొంగ ముందు బిళ్ళ పీకుతాడు, తర్వాత రంగు మారుస్తాడు. అందుకని నాయన ప్రతి సైకిల్ అడుగున, పెడళ్ళ ఇరుసు దూరే గొట్టం కింద, పంచ్‌తో మూడు చుక్కలు కొట్టేవాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఒకసారి మాయమైన సైకిల్ ఆరు నెలలకి జమ్మలమడుగులో కనిపించింది. నల్లటిది కాస్తా ఎర్రగా మారింది. తొక్కుతున్నవాడు నాదేనని ఒట్టేసి చెప్తున్నాడు. నాయన గొడవ పడలేదు. సైకిల్‌ని తలకిందులు చేసి మూడు చుక్కలు చూపించాడు. అంతే.

"రంగు ఎవుడైనా ఎయ్యొచ్చు. కింద చూడల్ల" అంటూ ఈ సైకిల్‌ని కూడా తలకిందులు చేశాడు.

అడుగున అంకెలేవో ఉన్నాయి గానీ సగం అరిగిపోయాయి. సరే, ఇరుసు విప్పి గ్రీజు మారుద్దామని పానా తీసుకున్నాడు. మన సైకిళ్ళన్నిటికీ చైను పక్క కప్పుది ఉల్టా థ్రెడ్డు. అంటే మామూలు మర విప్పేవైపు కాకుండా, బిగించేవైపు తిప్పితే ఊడుతుంది. బ్రిటిష్ వాళ్ళ సైకిళ్ళ నుంచి మనకొచ్చిన పద్ధతి అది. కుడి పక్క మామూలు మర ఉంటే తొక్కేకొద్దీ వదులైపోతుందని అలా పెట్టారు. నాయన అలవాటుగా అటువైపే తిప్పాడు. రాలేదు. ఇంకా బలంగా తిప్పాడు. 'టక్'మని కప్పు అంచు విరిగింది.

నాయన ఒక్క క్షణం ఆగి, రెండోవైపు తిప్పాడు. సులువుగా వదులైంది.

"ఇది సీదా థ్రెడ్డు రా! ఏ దేశపోళ్ళురా ఈళ్ళు?"

నేను ఎగిరి గంతేశాను. పాత ఫ్రెంచ్ సైకిళ్ళకి రెండు పక్కలా సీదా థ్రెడ్డే ఉంటుంది. అయితే ఇటలీ సైకిళ్ళకీ అంతే. తేడా కొలతలో ఉంటుంది. ఇటలీది 36 మిల్లీమీటర్ల వెడల్పు, ఫ్రెంచ్‌ది 35. ఒక్క మిల్లీమీటర్. మా షెడ్డులో ఉన్న టేపుతో అది తేలదు.

కానీ ఒక మిల్లీమీటర్‌లో నూరో వంతు కూడా కొలిచేవాళ్ళు మా ఊళ్ళో వీధికి పదిమంది ఉన్నారు. ప్రొద్దుటూరంటేనే బంగారం. రెండో బొంబాయి అని ఊరికే పేరు రాలేదు. నాయనకి తెలిసిన ఒక ఆచారి తాత దగ్గరికి సైకిల్ మోసుకుపోయాం. నగల షాపులో సైకిల్ చూసి అక్కడున్న ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. తాత మాత్రం కళ్ళజోడు సర్దుకుని, గాజుల కొలతలు తీసే డిజిటల్ కాలిపర్ తెరిచాడు.

ఊడదీసిన కప్పు మర దగ్గర దాదాపు 35. సీటు దగ్గరి నిలువు గొట్టం 28.1. రంగు మందం తీసేస్తే 28. ఇంగ్లిష్ పద్ధతి సైకిల్ అయితే 28.6 ఉండాలి. హ్యాండిల్‌ని పట్టుకుని ఫోర్కు లోపలికి దిగే కాడ 22. ఇంగ్లిష్‌ది 22.2 ఉంటుంది. ఫ్రాన్స్ వాళ్ళు మెట్రిక్ కొలతల్ని కనిపెట్టి, సైకిల్‌లో కూడా వాటినే పట్టుకు కూర్చున్నారు. మిగతా ప్రపంచం చాలావరకు అంగుళాల వెంట పోయింది. 1980లలో ఫ్రెంచ్ కంపెనీలు కూడా ఒక్కొక్కటిగా ఇంగ్లిష్ మరకి మారిపోయాయి. అందుకే ఈ పాయింట్ రెండు, పాయింట్ ఆరు తేడాలే పాత ఫ్రెంచ్ సైకిల్‌కి ఆధార్ కార్డు.

తాత కాలిపర్ మూసి, పక్కనున్న నల్లరాయి తీశాడు. ఎవరో తెచ్చిన గొలుసుతో రాయి మీద గీత గీసి, దాని పక్కనే తెలిసిన కేరెట్ పుల్లతో ఇంకో గీత గీసి, రెండు గీతల మీదా యాసిడ్ చుక్క వేశాడు. "మీ స్టిక్కర్ మాదిరే దీని మీద ముద్ర ఉందప్పా. కానీ గీటు వేరే చెప్తాంది" అన్నాడు. ఆ గొలుసు తెచ్చినాయనకి విషయం తెలియదట. ఏం చెప్తారు తాతా అని అడిగాను.

"ఉన్నదే చెప్తా. తెలీక అమ్మితే పొరపాటు. తెలిసినాక అమ్మితే మోసం."

ఆయన గొలుసు గురించే అన్నాడు. నేను మాత్రం నా ఫోన్ వైపు చూసుకున్నాను.

విరిగిన కప్పు సంగతి తేలాలి. మన బజారులో దొరికే కప్పు దీనికి పట్టదు. మర్నాడు పులివెందులలో నాయనకి తెలిసిన లేత్ షాపుకి వెళ్ళాం. చీనీ, అరటి తోటలకి నీళ్ళు తోడే బోరు మోటార్ల పనే అక్కడ ఎక్కువ. ఆ షాపాయన రంపం పళ్ళలాంటి గేజు ఒకటి తీసి కప్పు మర మీద ఆనించాడు. ఒక మిల్లీమీటరుకి ఒక చుట్టు. అచ్చంగా కూర్చుంది. ఇంగ్లిష్ గేజు పెడితే నాలుగైదు చుట్ల తర్వాత సందులోంచి వెలుతురు కనిపించింది. ఇంగ్లిష్ మర అంగుళానికి 24 చుట్లు, అంటే ఒక్కో చుట్టుకి 1.058 మిల్లీమీటర్లు. తేడా వెంట్రుకంత కూడా లేదు. "మన కప్పు బలవంతంగా తిప్పితే ఎక్కుతాదన్నా. కానీ లోపల మరంతా తినేస్తాది. అట్ల సంపొద్దు దాన్ని" అన్నాడాయన. కడ్డీ ముక్క తిప్పి, మర కోసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, సాయంత్రానికి కొత్త కప్పు చేతిలో పెట్టాడు.

తిరుగు బస్సులో కూర్చుని లెక్కలు రాసుకున్నాను. ఇది ఫ్రెంచ్ సైకిలేనా? అవును. మర, గొట్టం, హ్యాండిల్ కాడ మూడూ ఒకే మాట చెప్పాయి. గాలిని చీల్చే సైకిలా? సగమే. సీటు కడ్డీ, బ్రేకులు, గేరు మార్చే డీరైలర్ మాత్రమే ఆ రకం, ఫ్రేము మామూలుది. ఇనో జట్టు 1979 సైకిలా? ఇక్కడ ఇంకో సాక్షి దొరికాడు. డీరైలర్ జపాన్ కంపెనీ షిమానోది. దాని వెనక సన్నగా రెండక్షరాలు కొట్టి ఉన్నాయి: జి, సి. షిమానో లెక్కలో మొదటి అక్షరం సంవత్సరం, ఏ అంటే 1976. రెండోది నెల. అంటే 1982 మార్చి. 1979 నాటి సైకిల్‌కి 1982 సామాను! మార్చి ఉండొచ్చు కదా అనుకుందామంటే, స్టిక్కర్ కింద రెండు బొక్కలు నన్నే చూస్తున్నాయి.

మొత్తం మీద నాకు అర్థమైంది ఇది. ఎవరిదో ఒక మామూలు ఫ్రెంచ్ రేసింగ్ సైకిల్. గాలి పిచ్చి ఊపందుకున్న రోజుల్లో దానికి ఖరీదైన జపాన్ సామాను తగిలించారు. తర్వాత ఇంకెవరో బిళ్ళ పీకి గొప్ప పేరు అంటించారు. అసలు పేరు పోయింది.

ఆ రాత్రే కలెక్టర్ నుంచి మెసేజ్: "స్టిక్కర్ క్లోజప్ ఒకటి పంపు. మిగతాది నేను చూసుకుంటా."

మిగతాది నేను చూసుకుంటా అంటే ఏమిటో అర్థమైంది. అతనూ ఇంకొకడికి అమ్ముతాడు. 90 వేలు. నేను అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. ఒక్క ఫొటో పంపి ఊరుకుంటే చాలు. ఆ రాత్రి వాన పడింది. షెడ్డులో నాయన బకెట్లు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పొద్దున్నే జమ్మలమడుగులో మేనత్త ఇంటికి వెళ్ళాల్సిన పని ఉంది. దాదాపు ఇరవై కిలోమీటర్లు. కొత్త కప్పు ఎట్ల పనిచేస్తుందో చూద్దామని నేను సైకిల్ మీద, నాయన పానాల సంచీతో మోపెడ్ మీద బయల్దేరాం. ఆషాఢం. పడమటి గాలి ఎదురుగా కొడుతోంది. మా పక్క ఆ గాలి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎంత తొక్కినా సైకిల్ ముందుకి పోదు. నా సంపాదన, సీటు కింది కత్తి కడ్డీ, దాచిపెట్టిన బ్రేకు తీగలు... ఏవీ అక్కరకు రాలేదు.

నాయన మోపెడ్ నా పక్కకి తెచ్చి అరిచాడు: "వంగు రా! గాలికి సైకిలు అడ్డం కాదు, నువ్వే అడ్డం!"

తర్వాత చదివితే తెలిసింది, శాస్త్రం కూడా అదే చెప్తుంది. సైకిల్ మీద పోయేటప్పుడు గాలికి తగిలే అడ్డులో చాలా ఎక్కువ వాటా మనిషి ఒంటిదే. లెమాండ్‌ని గెలిపించింది కూడా ముందు ఆ వంగడమే. గొట్టం ఆకారం దాని తర్వాత సంగతి. నాయన అది పత్తి మూటలు కట్టుకుని ఎదురుగాలిలో తొక్కి నేర్చుకున్నాడు.

వంగాను. గడ్డం హ్యాండిల్‌కి ఆనేంత వంగాను. గాలి వీపు మీదుగా జారిపోవడం తెలిసింది. సైకిల్ కదిలింది. ఏం కదలడం, పరిగెత్తింది! పేరు లేకపోతేనేం, మంచి సైకిల్ అది.

అత్తా వాళ్ళ ఇంటి అరుగు మీద మజ్జిగ తాగుతూ చెప్పేశాను. "నాయనా, అది 8 వేలు కాదు. 45 వేలు. రేకుల డబ్బు."

నాయన గ్లాసు కింద పెట్టి, "నాకు మొదటి రోజే తెలుసు లే. 8 వేల సైకిలుకి ఎవుడురా దుప్పటి చుట్టుకొచ్చేది?" అన్నాడు. అత్త పగలబడి నవ్వింది. నాయన నవ్వలేదు. కొంచెం ఆగి, "అడిగింటే బొక్కలు అప్పుడే చూపిస్తాంటి గదరా. వీడియోలో అయినా చూపించింటే" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అరుగు మీంచే కలెక్టర్‌కి అన్నీ పంపాను. స్టిక్కర్ ఫొటో, దాని కింద బొక్కల ఫొటో, కాలిపర్ అంకెలు, డీరైలర్ మీది రెండక్షరాలు. రెండు గంటలు సమాధానం రాలేదు. తర్వాత ఫోన్ చేశాడు. ఫ్రేము వద్దన్నాడు. కానీ 1982 షిమానో సామాను అసలైనదే కాబట్టి దానికి 24 వేలిస్తానన్నాడు. సరేనన్నాను. 21 వేలు నష్టం. దాన్ని ఫీజు అనుకున్నాను. మిగిలిన రేకుల డబ్బు రెండు నెలల జీతంలోంచి తీశాను. ఇప్పుడు షెడ్డు కారడం లేదు.

మీ ఇంట్లో, మీ అబ్బ కాలం నాటి సైకిల్ ఏదైనా అటక మీదో గొడ్ల చావిట్లోనో ఉంటే ఒక మాట. ముందే తోమి రంగు వేయించకండి. బిళ్ళ ఫొటో తీయండి. తలకిందులు చేసి అడుగున అంకెలు చూడండి. చైన్ వీలులో పొడుగు కాళ్ళ కొంగ బొమ్మ ఉంటే అది ర్యాలీ సామాను. బీఎస్ఏ అయితే చాలావాటిలో ఆ అక్షరాలే కోసి ఉంటాయి. వెనక హబ్బు స్టర్మీ ఆర్చర్ గేర్లది అయితే చాలాసార్లు తయారైన సంవత్సరం దాని మీదే ఉంటుంది. అయితే ఒక్క ముక్క చూసి తీర్పు చెప్పకండి. ముక్కలు మారతాయి. మూడు నాలుగు ఒకే మాట చెప్తేనే నమ్మండి. అన్నిటికంటే ముందు, దాన్ని తొక్కినవాళ్ళు, విప్పినవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళని అడగండి. నేను చేయనిది అదే.

ఫ్రేము మా దగ్గరే ఉండిపోయింది. నాయన దానికి షెడ్డులో పడున్న బ్రేకులు, సీటు బిగించాడు. జితాన్ స్టిక్కర్ గీకేశాం. కొత్తగా ఏ పేరూ రాయలేదు. పోయినసారి ఊరికి పోయినప్పుడు గ్రీజు పూద్దామని తలకిందులు చేశాను. పెడళ్ళ ఇరుసు గొట్టం కింద, అరిగిపోయిన ఫ్రెంచ్ అంకెల పక్కన, కొత్తగా మూడు చుక్కలు కొట్టి ఉన్నాయి.